ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత శిలలు: పుట్టుక, పేర్లు, పరిశోధన చరిత్ర

వ్యాస సంగ్రహం:

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం భూమిపై మిక్కిలి పురాతనమైన శిలాఫలకాల్లో ఒకదానిపై నిలిచి ఉంది. ఈ నేలలోని శిలలు ఎలా ఏర్పడ్డాయన్న ప్రశ్నకు గత రెండు శతాబ్దాల్లో పలువురు పలు విధాలుగా సమాధానం చెప్పారు. ఆ సమాధానాల వెనుక కేవలం శాస్త్ర జిజ్ఞాసే కాక పత్తి, భూమిశిస్తు, బంగారం వంటి ప్రయోజనాలు కూడా పనిచేశాయి. అదే సమయంలో ఈ ప్రాంతపు రైతులు, రాతి పనివారు తమ అనుభవంతో శిలలకు వేరొక వర్గీకరణ చేసుకున్నారు. ఈ రెండు జ్ఞానధారలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ విడిపోయాయో వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: ఆదోని, ఎమ్మిగనూరు, నైసు, గ్రానైటు, నల్లరేగడి, ధార్వాడ శిలలు, న్యూబోల్డ్, బ్రూస్ ఫూట్.

1. ఉపోద్ఘాతం:

పూర్వపు కర్నూలు జిల్లాకు రెండు ముఖాలు ఉన్నాయి. తూర్పున బేతంచెర్ల, బనగానపల్లె వైపు పొరలు పొరలుగా లేచే నాపరాయి కనిపిస్తుంది. పడమర ఆదోని, కోసిగి వైపు గుండ్లు పేర్చినట్టున్న కొండలు, వాటి మధ్య ఎర్రనేలలు, నల్లరేగడి మైదానాలు కనిపిస్తాయి. తూర్పు శిలలు నీటి అడుగున పేరుకొన్నవి. పడమటి శిలలు భూగర్భపు వేడిలో పుట్టినవి. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడినప్పుడు నాపరాతి సీమలో చాలా భాగం అటు వెళ్ళింది. ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలు జిల్లాలోనే మిగిలాయి.

ఈ ప్రాంత శిలల చరిత్రను వెదికే పరిశోధకుడు ముందుగా ఒక పరిపాలనా విషయాన్ని గుర్తుంచుకోవాలి. 1800లో నిజాము ఆంగ్లేయులకు దత్తం చేసిన సీమల్లో ఆదోని ఒకటి. అటుపై అది బళ్ళారి జిల్లాలో తాలూకాగా కొనసాగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. ఎమ్మిగనూరు అప్పటికి ఆదోని తాలూకాలోని ఊరు. అందువల్ల 19వ శతాబ్దిలో ఈ నేల గురించి రాసినదంతా కర్నూలు పేరుతో కాక బళ్ళారి పేరుతో దొరుకుతుంది. కర్నూలు శిలలను గురించి 1872లో విలియం కింగ్ వెలువరించిన ప్రసిద్ధ గ్రంథం ప్రధానంగా తూర్పు భాగపు పొరల శిలలకు సంబంధించినది. పడమటి భాగానికి రాబర్ట్ బ్రూస్ ఫూట్ బళ్ళారి జిల్లా భూవిజ్ఞానంపై 1895లో వెలువరించిన గ్రంథమే ఆధారం. శిలలు కదలలేదు, సరిహద్దులు కదిలాయి. ఆ కారణంగా ఈ ప్రాంత భూచరిత్ర రెండు జిల్లాల, రెండు రాష్ట్రాల రచనల మధ్య చీలిపోయింది.

2. శిలా వర్గాలు - ప్రాంతీయ స్వరూపం:

శిలలను అవి ఏర్పడిన తీరును బట్టి మూడు వర్గాలుగా చెబుతారు. కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడితే అగ్నిశిల. నీరో గాలో మోసుకొచ్చిన రేణువులు, నీటిలో కరిగిన లవణాలు పొరలుగా పేరుకొని గట్టిపడితే అవక్షేప శిల. ముందే ఉన్న శిల కరగకుండానే తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై తన ఖనిజాలను, అమరికను మార్చుకొంటే రూపాంతర శిల.

ఆదోని ప్రాంతంలో ఈ మూడింటి జాడలూ ఉన్నాయి. కొండల్లో కనిపించేది గ్రానైటు, గ్రానైటుతో కలగలిసిన నైసు. భూగర్భంలో కొన్ని కిలోమీటర్ల లోతున శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారినందువల్ల గ్రానైటులోని పలుగురాయి, ఫెల్స్పారు, అబ్రకం స్ఫటికాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఎదిగాయి. నైసులో ఈ ఖనిజాలే ఒత్తిడి వల్ల నలుపు తెలుపు చారలుగా సర్దుకొన్నాయి. తూర్పు ధార్వాడ శిలాఫలకంలోని ఈ గ్రానైటులలో అధిక భాగం వయస్సు సుమారు 270 కోట్ల నుండి 250 కోట్ల సంవత్సరాలు. జొన్నగిరి వంటి చోట్ల సన్నని పట్టీలుగా కనిపించే ముదురు రంగు శిష్టు శిలలు ఒకప్పటి లావాలు, అవక్షేపాలు రూపాంతరం చెందినవి. వీటన్నిటినీ కోసుకొంటూ గోడల్లా సాగే నల్లరాతి డైకులు ఇంకా తరువాతివి. గట్టిపడిన శిల పగుళ్ళలోకి చొరబడిన శిలాద్రవం త్వరగా చల్లారడంతో వాటి స్ఫటికాలు సన్నగా ఉంటాయి. అందుకే అవి నునుపుగా, మిక్కిలి గట్టిగా ఉంటాయి.

గుండ్ల కొండలు మాత్రం శిల పుట్టుకను కాక దాని అరుగుదలను చెబుతాయి. పైనున్న కిలోమీటర్ల మందపు శిల కోట్ల సంవత్సరాల్లో కొట్టుకుపోగా, భారం తగ్గిన గ్రానైటు ఉబ్బి అడ్డంగా, నిలువుగా పగిలింది. ఆ పగుళ్ళ వెంట నీరు దిగి అంచులను, మూలలను ముందుగా తినివేసింది. మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోయాక మిగిలిన గట్టి గర్భాలే ఒకదానిపై ఒకటి నిలిచిన గుండ్లు. కోసిగి సమీపంలో జనం అక్కచెల్లెళ్ళు అని పిలిచే జంట గుండ్లు ఇలా ఏర్పడినవే. ఎవరో ఎత్తి పేర్చినట్టు తోచే ఆ రాళ్ళు నిజానికి ఎక్కడి నుండీ రాలేదు. చుట్టూ ఉన్నది పోగా ఉన్నచోటనే మిగిలాయి.

3. గ్రానైటు, నైసులపై వాదాలు:

ఐరోపాలో గ్రానైటు పుట్టుకపై 18వ శతాబ్ది చివర తీవ్రమైన వాదం నడిచింది. జర్మనీలోని ఫ్రైబెర్గు గనుల విద్యాలయంలో బోధించిన ఏబ్రహాం వెర్నర్ గ్రానైటు ఆదిమ సముద్రజలం నుండి పేరుకొన్న తొలి శిల అని చెప్పాడు. స్కాట్లండుకు చెందిన జేమ్స్ హట్టన్ 1785లో గ్లెన్ టిల్ట్ లోయలో పాతశిలలను చీల్చుకొని పోయిన గ్రానైటు నాళాలను చూపి, అది కరిగిన స్థితి నుండి గట్టిపడినదని వాదించాడు. ఒక శిల మరొక శిలను కోసుకొని పోతే కోసినది తరువాతిది కావాలి. ఈ సులభమైన సూత్రమే తరువాత దక్కను నేలలోనూ ప్రమాణమైంది.

దక్కనులో శాస్త్రీయ శిలా పరిశీలన భూకొలత శాఖకు వైద్యుడిగా, భూవిజ్ఞుడిగా వచ్చిన హెన్రీ వాయిసీతో మొదలైంది. ఆయన 1824లో మరణించాడు. మద్రాసు సైన్యంలోని కెప్టెన్ థామస్ జాన్ న్యూబోల్డ్ కర్నూలులో కమిషనరుకు సహాయకుడిగా పనిచేస్తూ ఈ సీమలన్నీ తిరిగాడు. 1850లో మరణించే నాటికి దక్షిణ భారత భూవిజ్ఞానంపై ఆయన రాసిన వ్యాసాల వరుస అప్పటికి ఈ ప్రాంతంపై వచ్చిన విస్తృతమైన రచన. 1851లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. 1858లో అందులో చేరిన బ్రూస్ ఫూట్ దక్షిణాది శిష్టు పట్టీలను విడిగా గుర్తించి వాటికి ధార్వాడ శిలలని పేరు పెట్టాడు. నైసు పాతదని, ధార్వాడ శిలలు దానిపై పేరుకొని మడతలు పడినవని ఆయన అభిప్రాయం.

మైసూరు భూవిజ్ఞాన శాఖకు చెందిన డబ్ల్యు. ఎఫ్. స్మీత్ 1916లో దీనికి విరుద్ధమైన నిర్ణయం ప్రకటించాడు. నైసు ధార్వాడ శిలలను చీల్చుకొని పోయిన చోట్లను చూపి, ధార్వాడలే ముందువని, నైసు తరువాత చొరబడినదని చెప్పాడు. హట్టన్ గ్లెన్ టిల్ట్‌లో వాడిన తర్కమే ఇది. రేడియోధార్మిక పద్ధతులతో శిలల వయస్సు కట్టడం సాధ్యమయ్యాక ఈ వాదం తీరు మారింది. శిలాఫలకపు పడమటి భాగంలో 300 కోట్ల సంవత్సరాలు దాటిన పాత నైసు ఉంది. అక్కడ ధార్వాడ పొరలు దానిపై పేరుకొన్నవే కనుక ఫూట్ మాట నిలుస్తుంది. ఆదోని, జొన్నగిరి ఉన్న తూర్పు భాగంలో గ్రానైటులు శిష్టు పట్టీలను చీల్చుకొని వచ్చిన తరువాతి శిలలు కనుక స్మీత్ మాట ఎక్కువగా నిలుస్తుంది. నైసు అనే ఒక్క పేరు కింద వేర్వేరు వయస్సుల శిలలను చేర్చడమే ఆ వాదానికి మూలం. పేరు ఒక్కటైనంత మాత్రాన పుట్టుక ఒక్కటి కాదన్నది దీని నుండి గ్రహించవలసిన విషయం.

4. నల్లరేగడి వివాదం:

ఈ ప్రాంతానికి గ్రానైటు కంటే దగ్గరి వాదం నల్లరేగడిది. తెలుగులోని రేగడి అనే మాటే ఆంగ్ల భూవిజ్ఞాన రచనల్లో రేగర్‌గా మారి అంతర్జాతీయ నేలల శాస్త్రంలో స్థిరపడింది. ఈ నేల ఎలా వచ్చిందన్న ప్రశ్నపై 19వ శతాబ్ది తొలి భాగంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. వాయిసీ, క్రిస్టీ వంటివారు దక్కను లావా శిలలు శిథిలమై నల్లరేగడి ఏర్పడిందన్నారు. మహారాష్ట్రలో ఆ రెండూ కలిసే కనిపించడం వారికి ఆధారం. న్యూబోల్డ్ దీనికి అంగీకరించలేదు. లావా శిలలకు ఎంతో దూరాన, నైసుపైనా సున్నపురాతిపైనా కూడా నల్లరేగడి పరచుకొని ఉన్నందున అది నీరు తెచ్చి వేసిన మట్టి కావాలని వాదించాడు.

ఆదోని మైదానం ఈ వాదంలో ముఖ్యమైన సాక్ష్యం. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను లావాల దక్షిణపు అంచు ఇక్కడికి చాలా దూరంలో, కృష్ణకు ఆవలి వైపునే ఆగిపోయింది. అయినా ఇక్కడ నల్లరేగడి ఉంది. తరువాతి నేలల పరిశోధన ఇరుపక్షాల మాటలోనూ సగమే నిజమని తేల్చింది. నల్లరేగడికి కావలసింది ఒకే రకపు మాతృశిల కాదు. కాల్షియం, మెగ్నీషియం ఇచ్చే ఖనిజాలు, తక్కువ వాన, నీరు త్వరగా పారిపోని పల్లపు మైదానం ఉంటే గ్రానైటు, నైసుల నుండి కూడా స్మెక్టైటు జాతి బంకమట్టి ఏర్పడుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే లోతుగా బీటలు వారే గుణం ఆ బంకమట్టిదే. అదే శిల వాలుపై ఉండి నీరు పారిపోతే కాల్షియం కొట్టుకుపోయి ఇనుము మిగిలి ఎర్రనేల అవుతుంది. కొంత మట్టి ఉన్నచోటనే పుట్టింది, కొంత వాగులు తెచ్చి వేసింది. కనుక ఆదోని చుట్టూ గట్టున ఎర్రనేల, పల్లాన నల్లనేల ఉండటం ఒకే శిల రెండు పరిస్థితుల్లో పొందిన రెండు రూపాలు. దున్నేటప్పుడు పైకి తేలే సుద్దరాళ్ళు కూడా ఈ ప్రక్రియలో భాగమే. నేలలోని నీరు ఆవిరి అయ్యేటప్పుడు విడిచిపెట్టిన సున్నమే అలా గడ్డ కట్టింది.

ఈ ప్రశ్నకు అంత ప్రాముఖ్యం రావడానికి కారణం పత్తి. బళ్ళారి, అనంతపురం, పశ్చిమ కర్నూలు సీమల పత్తి మద్రాసు వ్యాపారంలో వెస్టర్న్స్ అనే ప్రత్యేక రకంగా అమ్ముడుపోయేది. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో లాంకషైరు మిల్లులకు ముడిసరుకు కొరవడటంతో భారతీయ పత్తికి గిరాకీ పెరిగింది. 1871లో మద్రాసు రైలుమార్గం రాయచూరు దాకా చేరడంతో దానిపైనున్న ఆదోనికి వర్తకం అనుకూలించింది. మద్రాసు రెవిన్యూ శాఖ భూమిశిస్తు నిర్ణయానికి నేలలను రేగడి, ఎర్రనేల వంటి శ్రేణులుగా, వాటిని మళ్ళీ బంక, గరప, ఇసుక పాళ్ళను బట్టి విభజించింది. నేల పుట్టుకను గురించిన జ్ఞానం ఇలా రైతు చెల్లించవలసిన పన్నులో లెక్కకు వచ్చింది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం, ఆదోనిలోని పత్తి విపణి ఈ భూస్వభావంతో ముడిపడిన తరువాతి అధ్యాయాలు.

5. బంగారం, వజ్రం, శాసనం:

శిలలను విలువైన ఖనిజాల కోసం వెదికిన వారు అనుకోకుండా చరిత్రకు మేలు చేసిన సందర్భాలు ఈ ప్రాంతానికి ఇరువైపులా ఉన్నాయి. తుంగభద్రకు ఆవల రాయచూరు సీమలోని మస్కిలో అశోకుని శాసనాన్ని 1915లో కనుగొన్న సి. బీడన్ బంగారు గనుల ఇంజనీరు. గుత్తికి సమీపంలోని ఎర్రగుడి శాసనాలను 1929లో వెలుగులోకి తెచ్చిన అను ఘోష్ భూవిజ్ఞుడు. ఇది యాదృచ్ఛికం మాత్రమే కాదు. శిష్టు పట్టీల్లోని పలుగురాతి నాళాల్లో బంగారం దొరుకుతుంది. భూగర్భంలోని వేడినీరు పగుళ్ళ వెంట ప్రవహించి, కరిగించుకొన్న సిలికాను, స్వల్పంగా బంగారాన్ని అక్కడ వదిలిపెట్టడం వల్ల ఆ నాళాలు ఏర్పడ్డాయి. మస్కి, జొన్నగిరి రెండూ అటువంటి పట్టీలకు చెందినవే. ఆ ఖనిజ సంపద మౌర్యుల దృష్టిని ఈ దక్షిణపు అంచుకు ఆకర్షించి ఉండవచ్చునని చరిత్రకారులు భావించారు. జొన్నగిరినే అశోకుని కాలపు సువర్ణగిరిగా గుర్తించిన వారున్నారు. ఆ విషయంలో ఏకాభిప్రాయం లేదు.

జొన్నగిరి, తుగ్గలి ప్రాంతపు పొలాల్లో తొలకరి వానల తరువాత జనం వజ్రాల కోసం వెదకడం నేటికీ కనిపిస్తుంది. వజ్రం గ్రానైటులో పుట్టదు. 150 కిలోమీటర్లు, అంతకు మించిన లోతున ఏర్పడి, కింబర్లైటు అనే శిలాద్రవంతో పైకి వస్తుంది. పొరుగున ఉన్న వజ్రకరూరు కింబర్లైటులు సుమారు 110 కోట్ల సంవత్సరాల నాటివి. అవి అరిగి చెదిరినప్పుడు గట్టిదనం వల్ల వజ్రాలు మిగిలి, వాగుల వెంట గులకరాళ్ళలో చేరతాయి. వానకు పైమట్టి కొట్టుకుపోతే అవి బయటపడతాయి. కనుక తొలకరిలో వెదకడమన్నది గుడ్డి నమ్మకం కాదు, శిలల అరుగుదలను గమనించిన అనుభవం. అయితే ఆ వెదుకులాటలో ఫలితం పొందేవారు బహు కొద్దిమంది.

6. వాడుక పేర్లు, శాస్త్ర పేర్లు:

ఈ ప్రాంత ప్రజలు శిలలను పుట్టుకను బట్టి కాక పనిని బట్టి వర్గీకరించారు. కదలని పరుపు బండ, విడిగా నిలిచినది గుండు, తెల్లగా మెరిసేది పలుగురాయి, సన్నని గింజతో బరువుగా ఉండేది నల్లరాయి, పలకలుగా లేచేది నాపరాయి, శిల మెత్తబడి రాలేది గరుసు. ఈ పేర్లను శాస్త్ర వర్గీకరణతో పోల్చితే అవి చాలా వరకు ఒకదానికొకటి సరిపోతాయి. నల్లరాయి అగ్నిశిలల్లో త్వరగా చల్లారినది, నాపరాయి అవక్షేప శిల, గరుసు శిలకూ నేలకూ నడిమి దశ. గ్రానైటుకు, నైసుకు మాత్రం వాడుకలో వేరు వేరు పేర్లు స్థిరపడలేదు. గోడకు, గడపకు, రుబ్బురోలుకు రెండూ ఒకే విధంగా పనికివచ్చినందున ఆ భేదం అవసరం కాలేదు.

రాతిని తీసే పద్ధతి కూడా శిల పుట్టుకను గుర్తించినదే. వడ్డెరలు రాయి ఏ వైపుకు సులువుగా చీలుతుందో చూసి, ఆ వరుసలో ఉలితో గుంటలు తీసి ఇనుప మేకులు దిగవేస్తారు. దక్కనులో బండపై మంటపెట్టి పైపొరను విడదీసే పద్ధతి ఉండేది. బెంగుళూరు సమీపంలో ఈ పనిని గురించి హెచ్. వార్త్ 1895లో నేచర్ పత్రికలో వివరించాడు. వేడికి పైపొర వ్యాకోచించి కింది చల్లని రాతి నుండి విడిపోతుంది. ఆదోని కోట నిర్మాణం ఈ సీమ గ్రానైటు స్వభావంపైనే ఆధారపడింది. అయిదు కొండలను కలుపుతూ కట్టిన ఆ కోటలో బారాకిల్లా, తాళిబండ అన్నవి ఎత్తైన శిఖరాలు. నిలువు గుండ్లే చాలాచోట్ల గోడలకు ఆసరా. నీరు ఇంకని బండపరుపే కొండమీది చెరువులకు అడుగు.

ఇక్కడ ఒక చారిత్రక వ్యత్యాసం గమనించదగినది. నైసు, క్వార్ట్జ్ అనే మాటలు పుట్టింది విద్యాలయాల్లో కాదు. అవి జర్మను గనుల్లో పనిచేసిన కార్మికుల వాడుక నుండి వచ్చినవి. గనుల విద్యాలయం పనివారి పక్కనే ఉండటం వల్ల వారి మాటలు శాస్త్రంలోకి ప్రవేశించాయి. తెలుగు నేల నుండి రేగడి ఒక్కటే ఆ స్థాయిని అందుకొంది. పత్తి, శిస్తు కారణంగా సర్వేయరు రైతును అడగక తప్పని విషయం అది. గుండు, గరుసు, నల్లరాయి అనే మాటలను అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. పదజాలపు హద్దులను నిర్ణయించింది జ్ఞానపు లోతు కాదు, అడిగినవారి ప్రయోజనం.

7. శిల, నీరు, జీవనం:

బంగారం, పత్తి నేలలకు దక్కిన శ్రద్ధ సాధారణ గ్రానైటుకు ఆలస్యంగా లభించింది. కాని ఈ ప్రాంతపు జీవనాన్ని ఎక్కువగా శాసించేది అదే. స్ఫటికాలు ఒకదానిలో ఒకటి బిగిసి పెరిగిన శిల కనుక గ్రానైటులో నీరు నిలవడానికి సహజమైన రంధ్రాలు దాదాపు ఉండవు. నీరు దొరికేది పైనున్న గరుసు పొరలో, దాని కింది పగుళ్ళలో మాత్రమే. పూర్వపు దిగుడుబావులు గరుసు పొర నీటిని ఆశ్రయించాయి. బోరుబావులు పగుళ్ళను వెదుకుతాయి. పగులు తగిలిన చోట నీరు పడుతుంది, పక్క పొలంలో పడకపోవచ్చు. సంవత్సరపు వాన 700 మిల్లీమీటర్లకు లోపే ఉండే సీమలో ఈ నిల్వ త్వరగా తరిగిపోతుంది.

1876-78 నాటి ధాత కరువు బళ్ళారి, కర్నూలు జిల్లాలను ఛిన్నాభిన్నం చేసింది. ఆ కరువుకు శిల కారణం కాదు. వానలు తప్పడం, ధాన్యపు ధరలు, నాటి ప్రభుత్వ విధానం కారణాలు. అయితే బయటి నీరు లేని చోట ఈ శిల ఇచ్చే ఆసరా ఎంత స్వల్పమో అది చూపింది. తుంగభద్ర ఆనకట్ట తరువాత దిగువ కాలువ ఆదోని, ఎమ్మిగనూరు సీమల్లో కొంత భాగానికి నీరు తెచ్చింది. కాలువ అందని పల్లెల నుండి పనికాలంలో గుంటూరు వంటి చోట్లకు వలసలు నేటికీ సాగుతున్నాయి. మరొక వైపు గుండ్ల కొండలు కంకరగా మారుతున్నాయి. ఆ గుండ్ల మధ్య ఇంకే వాననీరే కింది పొలాల బావులకు ఆధారమన్న విషయం అనుమతుల లెక్కల్లోకి రావలసి ఉంది. కోట్ల సంవత్సరాల్లో ఏర్పడిన ఆ పగుళ్ళ అమరికను తిరిగి నిర్మించడం సాధ్యం కాదు.

8. ముగింపు:

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత శిలల అధ్యయన చరిత్రను పరిశీలించినప్పుడు ఈ విషయాలు తేలుతున్నాయి.

• ఈ ప్రాంతపు భూవిజ్ఞాన రచన 1953కు ముందు బళ్ళారి పేరుతో సాగింది. కర్నూలు శిలలనగానే తూర్పున ఉన్న నాపరాతి పొరలే స్ఫురించడానికి ఇదొక కారణం.

• గ్రానైటు, నైసు, ధార్వాడ శిలల వరుసపై ఫూట్, స్మీత్‌ల భేదాభిప్రాయం వేర్వేరు వయస్సుల శిలలను ఒకే పేరుతో పిలవడం వల్ల పెరిగింది. తూర్పు భాగమైన ఈ సీమలో గ్రానైటు శిష్టు కంటే తరువాతిది.

• నల్లరేగడి లావా నుండే పుట్టాలన్న అభిప్రాయానికి ఆదోని మైదానం ప్రత్యక్షమైన ఖండన. ఒకే శిల నుండి గట్టున ఎర్రనేల, పల్లాన నల్లనేల ఏర్పడతాయి.

• ఏ శిలను ముందు పరిశోధించాలో శిస్తు, వాణిజ్యం నిర్ణయించాయి. రైతుల, రాతి పనివారి పదజాలంలో రేగడి మాత్రమే శాస్త్రంలోకి వెళ్ళింది.

వడ్డెరల, బావులు తవ్వేవారి, రైతుల శిలా పదజాలాన్ని ఊరూరా సేకరించి భూవిజ్ఞాన పటాలతో పోల్చి చూడటం ఇక జరగవలసిన పని. యంత్రాల రాకతో ఆ వృత్తులు తగ్గిపోతున్నందున ఆలస్యమయ్యే కొద్దీ ఆ జ్ఞానాన్ని చెప్పగలవారు కరువవుతారు. ఏ బండ కింద నీరుంటుందో, ఏ గుండు ఎటు చీలుతుందో తెలిపే ఆ మాటలు ఈ నేల చరిత్రకు శాసనాలంత విలువైన ఆధారాలు.